ఉప్పుకారం పొట్లం

గూడూరుల బస్సులు ఆగే కాడ కనకయ్య చాయ్ హోటలున్నది. అండ్ల బల్ల మీద కరుణాకర్ కాలు మీద కాలేసుకొని కూసున్నడంటే ఆ పూటకు ఒక ముచ్చట పుట్టినట్టే లెక్క. పదెకరాల ఆసామి, ఎరువుల దుకాణం ఓనరు, నోరు మాత్రం ఊరంత. అబద్ధమాడుతుండని ఎవ్వలూ అనరు. "పటేలు జర పెంచి చెప్తడు" అంటరు, అంతే.

ఆ పొద్దు మాత్రం పటేలుకే బుగులు వట్టింది. ఎదురుంగ తండా నీలి నిలవడ్డది. సంకల ఊక పోసిన గంప, ఊకల అరవై కంజు పిట్ట గుడ్లు. దుకాణాలల్ల కౌజులంటరు గదా, అవే. రెండు నెలల సంది ఇంటెనక జాలి కట్టి కండ్లల్ల పెట్టుకొని సాదుకున్న పిట్టలు తొలిసారి పెట్టిన గుడ్లవి. పెంపుడు కంజులు గుడ్లయితే పెడ్తయి గని పొదుగవు. ఊర్ల పొదిగే మెషిన్ ఒక్క కరుణాకర్ ఇంట్లనే ఉన్నది.

"అన్నా, నీ మెషిన్ల పెడ్తవని తెచ్చిన. ఇంక రెండు రోజులు దాటితే ఖరాబైతయంటున్నరు. నీకైతే మస్తు పిల్లలయినయట గదా," అన్నది నీలి.

అయినయని ఊరంత చాటింది కరుణాకరే. నిజం మాత్రం తనకూ, పెండ్లాం కమలకూ తప్ప ఎవ్వలకూ ఎరుక లేదు. పద్దెనిమిదో నాడు మెషిన్ మూత తీస్తే ఒక్క పిల్ల లేదు. గుడ్డు పలగ్గొడితే లోపల గట్టి సొన, ముక్కు పగిలే వాసన. మెషిన్ల వేడెక్కువై గుడ్లన్నీ ఉడికిపోయినయని అనుకున్నడు. కమల రెండు సీసాల ఫినాయిల్ పోసి అర్ర కడిగింది. మెషిన్ మీద గోనె సంచి కప్పిండ్రు. ఇప్పుడు నీలి గుడ్లు అండ్ల పెడితే అవి గూడ ఉడుకుతయి. పెట్టనంటే ఎందుకు పెట్టవని ఊరడుగుతది. పాపం ఆ పిల్ల గంపను పట్టుకున్న తీరు జూస్తే కరుణాకర్‌కు పానం గుంజింది గూడ. ఎటూ తోచక తనకొచ్చిన ఒక్క పనే చేసిండు. నోరు తెరిచిండు.

"పెడ్త చెల్లే, పెట్టనంటానా? గని మొదలు నా మెషిన్ సంగతి నువ్వు తెలుసుకోవాలె. కూసో. కనకయ్యా, చెల్లెకు ఒక చాయ్! ఇగ ఇను. నేను తెచ్చినయి నూరు గుడ్లే, ఎక్కువ చెప్ప. జనగామ అవుతల ఒక పెద్ద ఫారం, దాని సేటు నాకు దోస్తు. 'కరుణాకరన్నా, నీకు గాబట్టి ఇస్తున్న, ఎంత పెద్దోళ్ళడిగినా ఇయ్యలే' అని చేతిల పెట్టిండు. ఎట్లున్నయనుకున్నవ్? ఎచ్చగ! పొగలొస్తున్నయి! అప్పుడే పిట్ట కిందికెళ్ళి తీసిన గుడ్లు మరి, తాజా అంటే గది. ఉత్తగ గూడ ఇయ్యలే, ఒక ఉప్పుకారం పొట్లం కట్టిచ్చిండు."

"ఉప్పుకారం ఎందుకన్నా?" అన్నడు ఆటో నడిపే యుగేందర్.

"దిష్టికిరా! నూరు గుడ్లు ఒక్కపారి ఇంట్లకొస్తే ఎంతమంది కండ్లు పడ్తయి? మెషిన్ సుట్టు మూడుసార్లు తిప్పి పొయ్యిల ఏసిన. గంత కారం మండితే ఇంట్ల ఒక్కలన్న తుమ్మలే! అంటే ఎంత దిష్టి ఉండెనో మీరే అనుకోండ్రి."

కల్లు మండువ కాడ తాగేటోళ్ళకు శనిగ గుడాలమ్మే పోశమ్మ మూలకు పీట మీద కూసొని చాయ్‌ల బన్ను ముంచుకుంటున్నది. ముసలామె తలెత్తి కరుణాకర్ దిక్కు ఒకసారి జూసి, మళ్ళ బన్ను ముంచుకున్నది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొమ్మిదో నాడు కరెంటు వాయె. మెషిన్ సల్లవడితే లోపలి పానాలు ఖతం! ఏం జెయ్యాలె? అంగి ఇప్పిన. మెషిన్ను ఎదకు అదుముకున్న. గంట గాదు రెండు గంటలు గాదు, పొద్దుగూకే దాక. ముప్పై ఏడున్నర డిగ్రీలు! ఇటు కదలలే, అటు కదలలే."

"జరమొచ్చి ఉండె కావచ్చు పటేలా," అన్నడు కనకయ్య చాయ్ వడబోసుకుంట.

"జరం గాదు, నా ఒల్లే గంత వేడి! ఆఖరికి భూపాలపల్లి ప్లాంటుకెళ్ళి కరెంటోళ్ళు ఫోన్ జేసిండ్రు. 'అన్నా, మీ ఇంట్లకెళ్ళి కరెంటు మా దిక్కు ఉల్టా వస్తున్నది, ఇక్కడ లైటు బుగ్గలన్ని పగులుతున్నయి, నీ కాళ్ళు మొక్కుత జర అంగి తొడుక్కో' అని."

యుగేందర్ నవ్వాపుకోలేక చాయ్ మీద పోసుకున్నడు. నీలి మాత్రం నవ్వలే. నేర్సుకుందామని వచ్చిందామె.

"అన్నా, గుడ్లను రోజుకు ఎన్నిసార్లు తిప్పినవ్?"

"తిప్పుడా? నేనెందుకు తిప్పుత చెల్లే? కన్నెర్రజేసి జూసిన, అవ్వే తిరిగినయి. పదిహేడో నాడు తెల్లారంగ పటపటపట మని సప్పుడు! వాన గొడుతుందని కమల దండెం మీది బట్టలు తీసుటానికి ఉరికింది. వాన గాదు, గుడ్లు పలుగుతున్నయి! ఆ కిచకిచ చిల్పూరు గుట్ట దాక ఇనవడి, గుడిల పూజారి గంట కొట్టుడు ఆపి ఏందిరా అని బయటికొచ్చిండట. నూరు గుడ్లకు నూటపన్నెండు పిల్లలు!"

"నూరుకు నూటపన్నెండా?" అన్నడు యుగేందర్.

"కవలలురా! గదీ సమజ్ గాదా నీకు? మూడోనాడు అవి గుడ్లు పెట్టవట్టె. పదోనాటికి మనవరాండ్లు, మునిమనవరాండ్లు. నేను మానుకోటకు పనివడి పోతుంటే అన్ని నా ఎంట బస్సెక్కినయి. కండక్టర్ పరేషాన్! ఆడపిట్టలకు జీరో టికెట్ కొట్టిండు, పోతు పిట్టలకు పైసలడిగిండు. ఏది ఆడది, ఏది పోతుదని ఒక్కొక్కటి లేపి చూపెట్టేసరికి మానుకోట రానే వచ్చె."

"ఆధార్ కార్డులు అడగలేదా అన్నా?"

"అడిగిండు! నేను ఊకున్నా అవి ఊకుంటయా? పిట్టలే లొల్లి వెట్టినయి."

"మరి అవన్ని ఏడున్నయే? మీ ఇంటి ముంగటికెళ్ళి రోజు ఆటో తోల్కపోత, ఒక్క ఈక గూడ కనవడదు."

ఈ మాట కోసమే కరుణాకర్ కాసుకొని కూసున్నడు. గొంతు తగ్గించి నీలి దిక్కు మల్లిండు.

"అడవికి పంపిన. ఊరు సరిపోతలేదు మరి. గందుకే నీ మంచికే చెప్తున్న చెల్లే. నా మెషిన్ జోరు నీ గుడ్లు తట్టుకోవు. అరవైకి ఆరువేలయితే తండా పడ్తదా? ఏదన్న పొదుగు వట్టిన కోడిని జూసి దాని కింద పెట్టుకో."

ఇగ గండం గడిచిందనుకున్నడు. తన పరువు దక్కె, ఆమె గుడ్లు దక్కె. గని నీలి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"తండంత తిరిగిన అన్నా. పొదుగు వట్టిన కోడి ఒక్కటి లేదు. ఉన్నయి రెండు రోజులే, ఇంక యాడికి పోవాలె?"

పోశమ్మ గిలాస కింద పెట్టి మూతి తుడుసుకున్నది.

"కొడుకా కరుణాకరూ, ఆ సేటు మన మండువ కాడికి గూడ వస్తడా ఏంది?"

"ఏ సేటవ్వా?"

"నీకు గుడ్లమ్మిన సేటు. పోయిన నెల ఒక శనారం నాడు నా గంపల కంజు గుడ్లు నూరుకు నూరు నువ్వే కొంటివి గదా. ఇంటికి సుట్టాలొచ్చిండ్రేమో అనుకున్న. ఎచ్చగ ఉండక సల్లగెట్లుంటయి బిడ్డా? అప్పుడే పొయ్యి మీదికెళ్ళి దించిన. గుడాలయినా గుడ్లయినా ఉడకవెట్టే అమ్ముత నేను. తాగేటోళ్ళందరికీ ఎరుకే, నువ్వొక్కనివే అడగకపోతివి."

కరుణాకర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది.

"ఉడకవెట్టినయా?" అన్నడు సన్నగ. "మరి... పొట్లం?"

"అద్దుకొని తింటవని ఇచ్చిన కొడుకా! దిష్టి తీసినవా?"

యుగేందర్ బల్ల మీదికెళ్ళి కింద వడ్డడు. కనకయ్య చాయ్ గంటె పక్కన పెట్టి, ఇన్నేండ్లు ఊరంత మింగిన మాట కక్కిండు.

"గుడ్లేమో ఉడకవెట్టినయి పటేలా, అబద్ధమేమో పచ్చిది!"

కరుణాకర్ చెవులు ఎర్రగయినయి. "అంటే, మెషిన్ను పరీక్ష చేద్దామనే నేను..." అని మొదలువెట్టిండు గని, పోశమ్మ తన దిక్కే జూస్తుంటే సిగ్గుతోని తల కిందికి వేసుకున్నడు.

నవ్వనిది నీలి ఒక్కతే. కండ్లు తుడుసుకొని ఏందో లెక్క కుదిరినట్టు లేసి నిలవడ్డది.

"అయితే అన్నా, మెషిన్ మంచిదే అన్నట్టు."

కరుణాకర్ తలెత్తిండు. గోనె సంచి కింద ఇన్ని దినాల సంది ఉత్తపుణ్యానికి తిట్లు తిన్న మెషిన్ యాదికొచ్చింది. "మంచిదే చెల్లే. దాని తప్పేం లేదు," అన్నడు.

"మరి యుగేందర్ ఆటోల ఎక్కియ్యి. పద్దెనిమిది రోజులకు తెచ్చిస్త." నీలి గంపను సంకకెత్తుకున్నది. "నువ్వు మాత్రం తండా దిక్కు రాకన్నా. నీ ఒంటి వేడికి నా గుడ్లు ఉడుకుతయి."