కుడికాలి సాక్సు

గుండె నీరసించి ఆసుపత్రిపాలై ఇంటికొచ్చిన బాబాయిని చూడటానికి నర్సు వచ్చింది. బరువు, బీపీ చూసి సంచి సర్దుకుంటుంటే ఆమె ఫోను టింగుమంది.

"ఏమంటోంది తల్లీ?"

"సాక్సు విప్పించి పాదాలు చూడమంటోంది బాబాయ్ గారూ. మేం మర్చిపోకుండా ఆఫీసువాళ్ళు పెట్టారు."

"మర్చిపోయావుగా, అలాగే ఉండిపో. నాకు చలి."

"నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది కదండీ!"

"దానికేం, చలా పాడా, తిరుగుతుంది."

"చూశానని నొక్కేదాకా ఇది నన్ను గుమ్మం దాటనివ్వదు. కాలిలా ఇవ్వండి."

"దీనికంటే అత్తగారు నయం. మెల్లగా లాగు..."

"ఇదేమిటి, పొట్లం! ఉప్పా?"

"గట్టిగా అనకు! వంటింట్లో మీ పిన్ని ఉంది. ఆ చప్పిడి కూరలు గొంతు దిగట్లేదమ్మా."

"బరువెందుకు పెరిగిందా అనుకుంటున్నా! ఇదిగో, వేలితో నొక్కితే గుంటపడింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. మీ ఒళ్ళు ఆ నీళ్ళని వదలట్లేదు, గుండేమో మోయలేకపోతోంది. డాక్టరుగారికి ఇప్పుడే చెప్తాను."

"మళ్ళీ ఆసుపత్రేనా?"

"ఇవాళే దొరికారు కాబట్టి మాత్ర మారిస్తే సరిపోవచ్చు. ఇంకో వారం ఇలాగే గడిస్తే ఆసుపత్రే."

బాబాయి పాదంమీది గుంటకేసి చూస్తూ ఉండిపోయాడు. అది ఇంకా పూడలేదు.

"ఆ ఫోను మళ్ళీ ఎప్పుడు మోగుతుంది?"

"నేనొచ్చినప్పుడల్లా."

"అయితే దానిచేత ఎందుకు చెప్పించుకోవడం? ఎడమకాలిది కూడా విప్పు తల్లీ."