చేతులు కడగని కోడలు

జోగమ్మ అని ఒక కోడలు. పెళ్లై ఇంకా ఏడాది తిరగలే. పనిమంతురాలే అనుకో, కాకపోతే ఒకటే జబ్బు, ఏది కనిపిస్తే అది తోమేస్తది. అత్త రామక్క ఇంట్లో ఇప్పపువ్వు నానేసే కుండ ఒకటుంది. అత్తకి అత్త నాటి నుంచి దాన్ని ఎవరూ కడగలే. పులిసింది తీసి సారా కాస్తారు, కుండ అడుగున ఇంకా తడి ఉండగానే మళ్లీ పువ్వేస్తారు, అదీ పద్ధతి. ఊళ్లో వేల్పులకి పోసేది ఆ ఇంటి సారాయే. అట్టాంటి కుండని ఈ పిల్ల ఏం చేసిందంటారు? అత్త సంతకి పోయిన పూట బూడిదేసి, ఇసకేసి, వేణ్ణీళ్లు పోసి, తోమి తోమి ఎండలో బోర్లించిందంట! నవ్వకండి. మీ ఇంట్లో కోడలు తోమితే మెచ్చుకోరూ? సరే, ఆ తరవాత ఏమైందంటే, అందులో ఎంత పువ్వేసినా నానుతది గానీ పొంగదు. బుడగ లేదు, బుస లేదు. 'చంపేశావు కదే కుండని' అని రామక్క నెత్తి కొట్టుకుంది. పోనీ పొంగు లేపటానికి పక్కింటి కుండలోంచి కాస్త పులిసిన పులుపు అడగొచ్చు కదా అంటారా? వేల్పుల ఇంటిది, పక్కింట్లో అడుగుతదా! కొత్తల పండక్కి పుట్టింటికి పో, కుండ పొంగే దారి తెలిస్తే రా, తెలవకపోతే ఆడనే ఉండు అన్నదంట. మరి మొగుడేమన్నాడు? ఏమంటాడు, గొడ్డలి భుజానేసుకుని అడివికి పోయాడు.

పుట్టింట్లో పిల్ల పండగంతా ఆడింది, పాడింది, ఎవరికీ ఒక్క ముక్క చెప్పలే. ఆఖరి రోజు రానే వచ్చింది. అన్న గంగులు దిగబెట్టటానికి బయల్దేరాడు. 'అన్నా, పోతా పోతా ఉంగమ్మ బట్టీ చూసి పోదామే' అంది. ఉంగమ్మ సారా బట్టీ అంటే ఏ సంతలో అడిగినా చెప్తారు, అంత పేరు. గంగులు ఏమన్నాడు? 'ముందే చెప్పొద్దటే, కోడి కూయకముందే లేచేవాణ్ణి కదా!' అన్నాడంట. పోయారు. పొయ్యి మీద కుండ, కుండ మీద కుండ, వెదురు గొట్టంలోంచి బొట్టూ బొట్టూ సారా. గంగులు ఆకుదొప్ప పట్టుకుని ఓ మూల సెటిలైపోయాడు. జోగమ్మ తిన్నగా ముసలి ఉంగమ్మ దగ్గరికే పోయి, 'అమ్మమ్మా, మా కుండ చచ్చిపోయింది, నీ కుండలోది దోసెడు ఇయ్యవా' అని అడిగింది. 'ఎట్ట చచ్చిందే?' 'తోమాను.' ముసల్ది నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. 'ఇయ్యనే. మా ఇంటి పులుపు ఒకళ్లకి ఇస్తే బట్టీ ఆగిపోద్దని మా వేల్పు కట్టడి. కన్నకూతురు అడిగినా ఇయ్యలే.' పిల్ల ఏడవలే, లేవనూ లేదు. చూసి చూసి ఉంగమ్మ, 'ఊరికే కూకోకపోతే ఆ పులిసే కుండలు కలపొచ్చు కదే, నా చేతులు లాగేస్తన్నాయి' అంది. జోగమ్మ చేతులు మోచేతుల దాకా పెట్టి కుండలన్నీ కలిపింది. పొద్దు వాలింది. అలవాటే కదా, చేతులు కడుక్కోటానికి నీళ్ల తొట్టి కాడికి పోయిందంట. ఉంగమ్మ ఒక్క అంగలో వచ్చి ముంత లాగేసుకుంది. 'ఆగవే. నేను నీకేమన్నా ఇచ్చానా? ఇయ్యలే. నువ్వు అడిగింది తీసుకున్నావా? తీసుకోలే. ఇంటికి పోయిందాకా ఆ చేతులు మాత్రం కడక్కు.' మీకు తెలిసిందా? ఆ పిల్లకి తెలిసింది.

ఇంక దారి చూడాలి! చేతులు జిగట, దురద, ఈగలు వెంట. వాగు దాటేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి నడిచిందంట. అంబలి అన్నే తాగించాడు. 'తాగింది నేను, ఎక్కింది నీకా చెల్లే!' అని వాడు ఒకటే ఎగతాళి. ఇంటికి చేరేసరికి అత్త చెంబుతో ఎదురొచ్చింది, కాళ్లూ చేతులూ కడుక్కో, దారి తెలిసిందా లేదా అని. 'కడగనత్తా.' 'ఏందీ! కడగొద్దన్న కుండని కడిగావు, కడగమన్న చేతులు కడగవా?' పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి నించున్నారు. జోగమ్మ తిన్నగా లోపలికి పోయి, పువ్వు నానేసిన కుండలో ఆ జిగట చేతులు మోచేతుల దాకా ముంచింది. 'అయ్యో, ఇంకా ఏం మిగిలిందని పాడుచేస్తన్నావే!' అని అత్త గోల. మర్నాడు ఏమైంది? ఏమీ కాలే. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. గంగులు కూడా, 'మూట కట్టుకో చెల్లే, పోదాం' అన్నాడంట. ఆ తెల్లారి రామక్క కుండ పారబొయ్యటానికి వంగింది. వంగింది, అట్టనే ఉండిపోయింది. లోపల సన్నగా, నూనెలో ఉల్లిపాయ వేగినట్టు చప్పుడు. చెవి ఆనించి ఎంతసేపు విన్నదో! గంగులు మూట నెత్తిన పెట్టుకుని వాకిట్లో నించున్నాడు. రామక్క తల ఎత్తకుండానే, 'ఆ మూట దింపి నువ్వు పో అల్లుడా, నా కోడలికి ఇక్కడ పనుంది' అన్నదంట.

రామక్కని ఇప్పుడు అడిగి చూడండి, కోడలి చేతుల వల్ల కాదు, మా కుండే గట్టిది, దానంతటదే లేచింది అంటది. అననీ, మనకేం పోయింది. కోడలు ఆ ఇంట్లోనే ఉంది, సారా బాగానే దిగుతంది. నేను తాగే చెప్తన్నా.