పిలిస్తే పలకని ఎలీకి

ఆ గోడమీది ఫొటోనా? తియ్యకే తల్లీ, అక్కడే ఉండనీ. ముందు కూర్చుని తిను. అది ఊళ్లో ఫొటోలు తీసే ఎలీకి తీసింది. అంటే, తీశాడో లేదో... చెప్తా ఉండు. అప్పట్లో మన లెవూకా ఊళ్లో ఫొటో అంటే ఆదివారం బట్టలేసుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డమే. ఎలీకి అట్టా కాదు. "నేను లేననుకోండి, మీ పని మీరు చేసుకోండి" అనేవాడు. పొద్దస్తమానం మా ఇంట్లో పిల్లిలా తిరిగేవాడు. కర్రపెండలం చెక్కు తీస్తుంటే ఒకటి, పేలు చూస్తుంటే ఒకటి. మా అత్తయితే "ముక్కు చీదుకునేది కూడా కావాలట్రా నీకు?" అని తిట్టిపోసింది. అదీ తీశాడు!

మనలో ఉందిగా, తినేటప్పుడు గుమ్మంలో ఎవరు కనబడినా "రా, తిందువుగాని" అనాలి. వాళ్లు రానన్నా రావాలి, "వినాకా, తినేశాను" అని థాంక్స్ చెప్పన్నా చెప్పాలి. కడుపు కాలుతున్నా సరే, అనాలి. అంటేనే ఆ పిలుపు తీరినట్టు. ఆవేళ మధ్యాహ్నం మేం చాపమీద కూర్చోగానే ఎలీకి గుమ్మంలోకెళ్లి నిలబడ్డాడు. అమ్మ చెయ్యెత్తి పిలిచింది. నాకప్పుడు పాతికేళ్లు, బుద్ధి మాత్రం లేదు. "పలక్కు అన్నా, పలికావంటే అమ్మ వడ్డించడానికి లేస్తుంది, నీ ఫొటో కాస్తా పోతుంది" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు పాపం. అమ్మ మూడుసార్లు పిలిచింది. పలకలేదు. ఆ సాయంత్రమే రీలు పెళ్లాం చేతికిచ్చి కోరో దీవికి పడవెక్కాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు.

నెల తర్వాత ఆవిడ ఫొటోలు కడిగించి తెచ్చింది. అన్నీ మామూలే. ఆఖరిదే ఇది. దగ్గరికెళ్లి చూడు. మా వీపులు, అమ్మ చెయ్యి. గుమ్మంలో ఎవరు? ఎలీకే! కెమెరా మెళ్లోనే వేలాడుతోంది. మరి పొయ్యి పక్కనుంచి తీసిందెవరు? ఊరు మొత్తానికి కెమెరా అదొక్కటే. నోరు చూడు, ఏదో అనబోతున్నట్టు లేదూ?

అమ్మ బతికినన్నాళ్లూ ముద్ద ముట్టేముందు ఎలీకిని పిలిచేది. ఆవిడ పోయాక నేను. ముసలాడికి మతి పోయిందని మీ నాన్న నవ్వుతాడు. నవ్వనీ. ఎలీకి నోరు మూయించింది నేనే కదా, పిలుపు తీరక గుమ్మంలోనే ఉండిపోయాడేమోనని నాకు భయమేస్తుందే. ఒక్కసారి వాడు "తినేశాను" అంటే చాలు, నేనూ నిశ్చింతగా పోతాను. రా ఎలీకన్నా, తిందువుగాని!

ఏమే, ఇప్పుడు వినాకా అన్నది నువ్వేనా?

నీ నోట్లో ముద్ద ఉందిగా.

...తిను, తిను. చేపలో ముళ్లుంటాయి, చూసుకో.