ఉత్తకాళ్ల ఉరుకుడు

గట్టు మండలంలో ఒక ఊరి బయట కాలువ కట్ట. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. తల్లి జమ్ములమ్మ, బిడ్డ పద్మజ.

"పద్మజా, ఆగు. ఆగమంటున్న గదా. ఆడనే ఆగు."

"అమ్మా? ఇంతసేపు అరిచేది నువ్వా?"

"కట్ట దిగు. అటు గాదు, నీళ్ల దిక్కు గాదు. ఇటు చేన్ల దిక్కు దిగు."

"ఎవడో ఎనక పడ్డడనుకున్న. నువ్వు అరిచిన కొద్ది ఇంకా జోరుగ ఉరికిన. పేరు పెట్టి పిలుస్తె గాని తెల్వలే. పాణం పోయిందమ్మ నాకు."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"పాణం గీణం అనకు. ముందు ఇటు రా. చెయ్యి ఇయ్యి."

"ఇంద. ఇంత గట్టిగ పట్టుకుంటవేంది? నీ గాజులు గుచ్చుకుంటున్నయి."

"గుచ్చుకోనీ."

"కూసో. జర కూసోమ్మ, ఊపిరాడ్తలే నీకు. యాడన్న పడ్డవా? మోకాలు కాడ చీరకంత మట్టి ఉన్నది."

"పడలే."

"మట్టి ఉన్నదమ్మ."

"పడలే అంటున్న గదా."

"ఇంటికాడ ఏమైంది? నాయనకు బాగలేదా?"

"నాయన పండుకున్నడు."

"మరి?"

"నువ్వు మంచంల లేవు."

"అంతేనా?"

"అంతేనా అంటవా? ఆడిపిల్ల తెల్లారకముందు మంచంల లేకపోతె అంతేనా?"

"నేనీడున్ననని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరో చెప్పిన్రు."

"పక్కింటి పుష్పమ్మత్తనా?"

"ఎవరైతే ఏంది. నువ్వయితె చెప్పలే గదా."

"చెప్తె పోనిస్తుంటివా? ఉరుకుతున్నమ్మ, అంతే. పొద్దుగాల లేచి తూము దాంక ఉరికి మల్లొస్త. ఎనిమిదింటికల్ల చేన్ల ఉంటున్న గదా. పత్తిల మొగపూలు తెంపి ఆడపూలకు రుద్దే క్రాసింగుకు ఒక్క దినమన్న ఆలస్యమైందా?"

"ఉరుకుతున్నవు."

"ఊఁ."

"బూట్లు పొయ్యిల పెట్టినదానివి, ఉరుకుతున్నవు."

"బూట్లు లేకనే. ఉత్తకాళ్లతోని."

"నా ముందలనే పెట్టినవ్ బిడ్డ. రబ్బరు వాసన మూడు దినాలు ఇంట్లకెల్లి పోలే. సచ్చినా మళ్ల ఉరుకనన్నవ్. రెండుసార్లు అన్నవ్."

"అన్న."

"మరి?"

"మరి ఏంది? ఉరకబుద్ధయింది, ఉరుకుతున్న."

"నాతోని అబద్ధాలాడకు."

"అబద్ధం దేనికాడుత? ఏమైందమ్మ నీకు?"

"నిన్న రాత్రి సార్ ఫోన్ చేసిండు గదా."

"హాస్టల్ల ఉరికించే సారా?"

"ఇంకెవరు, శివశంకర్ సారు. నాయన స్పీకర్ పెట్టిండు. వచ్చే నెల పాలమూరుల ఉరుకుడు పందెమున్నది, సోమారం పద్మజను హాస్టల్‌కు పంపమన్నడు. నాయన ఇటు చూడలే అటు చూడలే, 'పంపుత సార్' అన్నడు. నువ్వు ఏమనలే. చెయ్యి కడుక్కొని పోయి పండుకున్నవ్."

"ఏమనాలె?"

"ఏడిస్తె నాకు నిమ్మళముంటుండె. నాయనను తిట్టినా మంచిగుంటుండె. గోడ దిక్కు తిరిగి పండుకున్నవ్. ఎండకాలమంత గట్లనే పండుకుంటివి. నాకు బుగులు పుట్టింది."

"ఏం బుగులు?"

"ఏం లేదు."

"ఏం బుగులమ్మ?"

"దూకుతవని. కాలువల దూకుతవని. చాలా? నా నోటితోని అనిపిస్తివి."

"అమ్మా..."

"అమ్మ లేదు గిమ్మ లేదు. హైదరాబాదు హాస్టల్‌కెల్లి వచ్చిన దినం నిన్ను చూసి నేను గుర్తు పట్టలే. బస్సు దిగుతుంటె ఎవరి పిల్లనో అనుకున్న. బొక్కలు తేలి ఉంటివి."

"సార్ రెండు పూటల ఉరికిస్తుండె గదా. పొద్దున పన్నెండు కిలోమీటర్లు, సాయంత్రం మళ్ల. లావైతున్నవని రొట్టె తగ్గించిండు. మెడల గడియారం ఏసుకొని గ్రౌండు మధ్యల నిలబడ్తుండె. నేను ముందలికెల్లి పోయినప్పుడల్ల సెకండ్లు చదువుతుండె. నిద్రల గూడ గా సెకండ్లే వినబడుతుండె నాకు."

"గట్లుంటే జల్ది ఇంటికి రావొద్దా?"

"ఎట్ల రావాలె? మొదటేడు రాష్ట్రంల రెండోదాన్నయితి. ఫ్లెక్సీ కట్టిన్రు ఊళ్లె. ఆ ఫ్లెక్సీకే భయం నాకు. తర్వాత వరంగల్ల తొమ్మిదో నంబరు. మళ్లొక దాంట్ల కడుపు పట్టుకొని ట్రాకు మీదనే కూలబడ్డ. ఆఖరిదాంట్ల ఇంకా రెండు రౌండ్లున్నయనంగ గీత దాటి బయటికి నడిచొచ్చిన. ఎవడో నవ్విండు. నాకు నవ్వు గూడ పట్టలే. ఏమీ పట్టలే."

"అవన్ని నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే."

"అడగలే. నిజమే, అడగలే. ఇప్పుడొకటి అడుగుత, చెప్తవా?"

"ఏంది?"

"నెల కిందట పాల సతీష్ నీ చెప్పులు తెచ్చిచ్చిండు. తూము మెట్ల మీద ఉండెనంట. జోడు సక్కగ పెట్టి ఉండెనంట. అండ్ల నీ సెల్లు ఉన్నది."

"మర్చిపోయిన."

"ఆ దినం గూడ గదే అన్నవ్."

"మర్చిపోయినమ్మ, గంతే."

"చెప్పులల్ల సెల్లు పెట్టి మర్చిపోతరా ఎవరన్న? నేను ఆ దినం మళ్ల అడగలే. అడిగితె ఏం చెప్తవో అని అడగలే. మరునాడు పురుగుల మందు డబ్బాలన్ని గంపల పెట్టుకొని పోయి పుష్పమ్మ ఇంట్ల పెట్టొచ్చిన."

"అందుకేనా చేనుకు మందు కొట్టాలంటె నాయన దినాం పుష్పమ్మత్త ఇంటికి పోతున్నడు?"

"నవ్వకు."

"ఎలుకలు కొరుకుతున్నయని చెప్తివి గదా నాయనతోని."

"నవ్వకు పద్మజ. ఆ దినం దేనికొచ్చినవ్ ఈడికి?"

"చెయ్యి వదులు."

"వదల. చెప్పు."

"ఇప్పుడు అదంత దేనికి? ఇప్పుడు మంచిగున్న గదా."

"నా దిక్కు చూసి చెప్పు. దేనికొచ్చినవ్?"

"దానికే."

"దేనికి?"

"దానికే వచ్చినమ్మ. నువ్వనుకున్నదానికే. ఏడువకు."

"ఏడుస్తలే. చెప్పు."

"ఏడుస్తున్నవ్."

"నా ఏడుపు నాది. నువ్వు చెప్పు."

"చెప్పులిప్పిన. సెల్లు పెట్టిన. మెట్టు మీద నిలబడ్డ. మస్తు సేపు నిలబడ్డ. నీళ్లు జోరుగ పోతున్నయి. మనసుల ఏం లేదమ్మ. నువ్వు గూడ యాదికి రాలే. కోపం చెయ్యకు."

"చెయ్య. చెప్పు."

"గప్పుడు ఈదన్న గొర్ల దొడ్డికెల్లి కుక్క వచ్చింది."

"కుక్కనా?"

"మొరుక్కుంట మీది మీదికే వచ్చింది. పండ్లు బయట పెట్టి, ఇంత ఎత్తు ఎగిరి. నేను ఉరికిన."

"ఉరికినవా?"

"ఉరికిన. నీళ్ల దిక్కు గాదు, కట్ట పట్టుకొని ముందలికి ఉరికిన. చావనీకి వచ్చినదాన్ని, కుక్క కరుస్తదని ఉరికిన. అమ్మా అని అరుచుకుంట ఉరికిన."

"అమ్మా అన్నవా?"

"అన్న. ఇంకెవర్ని పిలుస్త? అది జరంత దూరం వచ్చి ఆగిపోయింది. నేను ఆగలే. ఎందుకు ఆగలేదో తెల్వదు. కాళ్లు పోతనే ఉన్నయి. రాళ్లు గుచ్చుకుంటున్నయి, పోతనే ఉన్నయి. ఎవడూ సెకండ్లు చదువుతలేడు. పక్కన ఎవరూ లేరు, ముందల ఎవరూ లేరు. తెల్లకొంగలు లేచిపోతున్నయి నీళ్ల మీదికెల్లి. చిన్నప్పుడు బడి గంట కొట్టంగనే ఉరుకుతుంటి చూడు, గట్లున్నది. పక్క ఊరి మోరి కాడ ఆగిన. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే కూసొని నవ్విన. తర్వాత ఏడ్సిన. మస్తు ఏడ్సిన. ఆకలైంది."

"ఆ దినం నాలుగు రొట్టెలు తిన్నవ్. నాకు యాదున్నది."

"చెప్పుల సంగతి నిజంగనే మర్చిపోయిన అమ్మ. ఉత్తకాళ్లతోని ఇంటికొచ్చిన."

"మరి మరునాడు మళ్ల దేనికొచ్చినవ్? మళ్ల గా తూము కాడికే?"

"ఉరకనీకి. నిన్నటిది ఉత్తదేనేమో, కుక్క భయానికి గట్ల అనిపించిందేమో, చూద్దామని వచ్చిన. ఉత్తది గాదు. మళ్ల మంచిగనిపించింది. దినాం అనిపిస్తున్నది. కాళ్లకు యాష్టకొస్తె నడుస్త, మనసైతె ఉరుకుత. ఎంత దూరమో తెల్వదు, ఎంతసేపో తెల్వదు. గందుకే నీకు చెప్పలే. ఎవరికి చెప్పినా సార్ చెవిల పడ్తది, మళ్ల గడియారం వస్తది. అది వస్తె ఇది పోతదమ్మ. నాకూ బుగులే. నిన్న రాత్రి గోడ దిక్కు తిరిగింది గా బుగులుకే."

"సోమారం పోతవా?"

"పోను."

"నాయన మాటిచ్చిండు."

"సార్‌కు నేనే ఫోన్ చేస్త. నాయనకు మాత్రం నువ్వు చెప్పాలె."

"చెప్త. అరిస్తె అరవనీ. ఇంట్ల అరుపులకు నేను బెదర."

"నిజంగ చెప్తవా?"

"చెప్త అన్న గదా. ఇంకో మాట. ఇంకోసారి గట్లాంటి మాట మనసుల వస్తె, అర్ధరాత్రయినా సరే, నన్ను లేపాలె. చేన్ల ఉంటె చేన్లకు రావాలె. నీ అంతల నువ్వు నీళ్ల కాడికి పోవద్దు. దవాఖానకు పోదామంటె దవాఖానకు పోదాం. గద్వాలల ఉన్నరంట గట్లాంటి డాక్టర్లు, పుష్పమ్మ చెప్పింది."

"పుష్పమ్మత్తకు గూడ చెప్పినవా?"

"ఎవరికన్న చెప్పకపోతె నా గుండె పగిలిపోతుండె."

"సరే. లేపుత."

"నా మీద ఒట్టు పెట్టు."

"నీ మీద ఒట్టు. ఇగ చెయ్యి వదులు, తిమ్మిరెక్కింది."

"ఆ నల్లకుక్కకు బెదిరినవా నువ్వు? ఉత్తదే అది. జొన్నరొట్టె ముక్క ఏస్తె ఎనకెనకనే తిరుగుతది."

"నల్లదని నేను చెప్పలే."

"ఈదన్న కుక్క నల్లదని ఎవరికి తెల్వదు?"

"నీకు తెల్వదు. మన చేను ఊరికి అటు దిక్కు. నువ్వు ఈ దిక్కు ఎన్నడూ రావు. రొట్టె ఎప్పుడేసినవ్ దానికి?"

"ఒక దినం."

"ఏ దినం?"

"ఎండ వస్తున్నది. ఇంటికి పోదాం పా, మొగపూలు తెంపాలె."

"అమ్మా, ఏ దినం?"

"దినాం."

"దినామా?"

"సతీష్ చెప్పులు తెచ్చిన మరునాడుకెల్లి. నువ్వు లేస్తవ్, నేను లేస్త. నువ్వు తలుపు దగ్గరికేసి పోతవ్, నేను తెరుసుకొని వస్త. కొంగు నడుముకు చెక్కుకొని ఎనకనే వస్త."

"నెల దినాలు నా ఎనక ఉరికినవా?"

"మొదటి దినం ఊరు దాటంగనే కూలబడ్డ. గుండె నోట్లెకొచ్చింది. రెండో దినం మొదటి మోరి దాంక. వారం పోయినంక రెండో మోరి దాంక. ఇప్పుడు మలుపు దాంక ఆగకుండ వస్త. ఆడికెల్లి నువ్వు తూము కాడ నిలబడేది కనబడ్తది. నువ్వు ఇటు తిరగంగనే నేను చేన్లకు దిగి, అడ్డదారిల ఇల్లు చేరుత."

"మలుపు అంటె రెండు కిలోమీటర్ల పైనే అమ్మ. చీర మీద. చెప్పులేవి?"

"చెప్పులేసుకుంటె చప్పుడైతది, నీకు వినబడ్తది గదా."

"కాళ్లు చూపియ్యి. చూపియ్యమ్మ. ఎన్ని పగుళ్లు పడ్డయో చూడు. ఒక్క మాటన్న అనకపోతివి. ఎనకకెల్లి పిలువకపోతివి."

"పిలిస్తె నువ్వు ఉరుకుడు ఆపేస్తవేమోనని. నీ మొఖం మీద కళ వచ్చింది గదా. ఆపితె మళ్ల పోతదేమోనని."

"మరి ఇయ్యాల ఎందుకు పిలిచినవ్?"

"కనబడలే నువ్వు. కట్టంత ఉత్తగున్నది. సార్ ఫోన్ యాదికొచ్చింది, నువ్వు గోడ దిక్కు తిరిగింది యాదికొచ్చింది. నీళ్ల దిక్కు చూసుకుంట ఉరికిన, అరుసుకుంట ఉరికిన. తూము కాడ పడ్డ. ఇగ అడిగితివి గదా, పడ్డ."

"ఇయ్యాల మస్తు జోరుగ ఉరికినట్టున్న నేను. నీ కండ్లకు అందనంత జోరుగ. గందుకే కనబడలే."

"లేదు బిడ్డ. దినాం ఎంత జోరో, నేను అరిచేదాంక ఇయ్యాల గూడ గంతనే ఉరికినవ్."

"మరి ఎందుకు కనబడలే?"

"నేను చూడలే."

"అంటె?"

"ఎట్ల చెప్పాలె నీకు. మొదటి మోరి దాంక నిన్ను చూసుకుంటనే వచ్చిన. ఆడికెల్లి గాలి సల్లగ తగిలింది. కాలు నొస్తలే, ఆయాసం వస్తలే. ఎప్పుడు మలుపు తిరిగిన్నో, నువ్వు ఎప్పుడు తూము దాటినవో గూడ తెల్వదు."

"సోయి లేకుండనా? తల తిరిగిందా అమ్మ?"

"తల తిరగలే. నాకు మంచిగనిపించింది బిడ్డ. ఉరుకుడుల పడి నిన్ను మర్చిపోయిన."