మూడో లైనులో ఒక గొంతు

స్కార్‌బరోలో ఒక లూథరన్ చర్చి పార్కింగ్ లాట్. అక్టోబరు నెలాఖరు ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. ఆగి ఉన్న కారులో ఎలియాజరు, ఆయన కూతురు టీనా. మూడింటికి కచేరీ.

"టై తీసెయ్యడమేంటి? నల్ల సూటు, నల్ల టై అని మెయిల్ పెట్టింది మీ డైరెక్టరే కదా!"

"అది పాడేవాళ్లకి, డాడీ."

"నేను పాడేవాణ్ణి కాదా?"

"హీటర్ పెంచనా? చలిగా ఉంది."

"చలేం లేదు. సరిగ్గా చెప్పు టీనా."

"మీరివాళ డోర్ దగ్గర ఉంటారా? వచ్చేవాళ్లకి ప్రోగ్రామ్ కాగితాలివ్వాలి, సీటు చూపించాలి. మంచి పనే. ఇక్కడ పెద్దవాళ్లే చేస్తారు."

"తలుపు దగ్గరా?"

"పాట అక్కడికి కూడా బాగా వినిపిస్తుంది."

"వినడానికా నేను ఆరు వారాలు రిహార్సల్‌కి వచ్చింది? ఊరికి ఆ చివర ఎటోబికోలో వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి, బస్సులోనే ఇంత అన్నం తిని పరిగెత్తుకొచ్చానే!"

"ఐ నో, డాడీ."

"మీ అమ్మ డ్యూటీ మార్చుకుని మరీ వస్తోంది. మా ఆయనా, మా అమ్మాయీ ఒకే స్టేజీ మీద పాడతారని తెలుగు సంఘంలో అందరికీ చెప్పుకుంది. ఎవరు వద్దన్నారు నన్ను?"

"వద్దని ఎవరూ అనలేదు. అంటే... గురువారం రిహార్సల్లో, చివర్లో పాట ఉంది కదా. మనం పాడే కాంటాటా అయిపోయేముందు అందరం నిలబడి, కాగితం చూడకుండా పాడేది."

"ఉంది."

"అందులో మూడో లైను. అందరూ కిందికి దిగుతుంటే ఒక్క గొంతు పైకెళ్లింది. డైరెక్టర్ ఆపాడు. మళ్లీ పాడితే మళ్లీ అదే. మూడోసారీ అదే."

"అవును. నేనూ విన్నాను."

"విన్నారా? విని కూడా... సరే, వదిలెయ్యండి. అది మనూరి ట్యూన్, డాడీ. ఆదివారం పొద్దున్నే ఇంట్లో మీరు పాడేది అదేగా."

"మన పాటల పుస్తకంలో కీర్తనే అది. మిషనరీ దొరలు గుంటూరు తెచ్చి తెలుగు మాటలు పెట్టారు. మొదటిరోజు ఆర్గన్ మీద వినగానే ఒళ్లు జలదరించింది నాకు. మన పాట వీళ్లకెలా వచ్చిందిరా దేవుడా అనుకున్నా!"

"మనకే వాళ్లనుంచి వచ్చింది. మూడొందల ఏళ్ల కిందట జర్మనీలో ఒకాయన ఆదివారం ఆరాధన కోసం రాశాడు ఈ కాంటాటా. సంఘానికి కంఠతా వచ్చిన కీర్తన తీసుకుని ఒక చరణం కోరస్‌కి, ఒకటి సోలోకి, ఒకటి వయొలిన్ల మధ్య పెట్టి... అలా కట్టాడు మొత్తం. ప్రతి ముక్కలోనూ ఆ ట్యూనే. అది మారితే ఇంకేం మిగల్దు."

"నాకు పాఠం చెబుతున్నావా? ఇరవై రెండేళ్లు మనూరి చర్చి సంఘంలో పాట ఎత్తిందెవరు?"

"మీరే. అదే ప్రాబ్లం. ఇక ఇప్పుడు మార్చుకోలేరు."

"డైరెక్టర్ నా పేరు చెప్పాడా?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పాడా లేదా? ఆయన ఆర్గన్ దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు. మనం నలభైమందిమి. ఎవరి గొంతో ఆయనకెలా తెలిసింది?"

"మనవైపు నుంచే వస్తోందన్నాడు. అయ్యాక పిలిచి, ఎవరై ఉంటారని అడిగాడు."

"ఎవర్ని?"

"నన్ను."

"నువ్వేం చెప్పావు?"

"టైమవుతోంది డాడీ. నేను గొంతు వార్మప్ చేసుకోవాలి."

"ఏం చెప్పావు టీనా?"

"మా డాడీ అని చెప్పా. ఇండియాలో అలాగే పాడతారు, ఆయనకి అలవాటైపోయింది, సారీ అని చెప్పా. డోర్ దగ్గర నిలబెడదామని కూడా... నేనే అన్నా."

"నువ్వే."

"ఏం చెయ్యమంటారు మరి? డౌన్‌టౌన్ చర్చివాళ్లు ఇవాళ నన్ను వినడానికే వస్తున్నారు. పెయిడ్ సోలోయిస్ట్ పోస్ట్, ఒక్కటే ఉంది. మ్యూజిక్ చదివి, నాలుగేళ్లుగా ఒషావాలో డెంటల్ ఆఫీసులో ఫోన్లెత్తుతున్నా. ఇవాళ పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు? మీ ఒక్క నోటు కోసం పోగొట్టుకోవాలా?"

"ఏడవకు. గొంతు పట్టేస్తుంది."

"ఏడవట్లేదు. గురువారం సిగ్గేసింది డాడీ. పాట ఆపినప్పుడల్లా అందరూ ఇటే చూశారు. మీ మీద కోపమొచ్చింది. మిమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నానేంటని నామీద నాకే ఇంకా కోపమొచ్చింది."

"ఒక మాట చెప్పనా? మీ అమ్మక్కూడా తెలీదు. అది మనూరి రాగమేం కాదు. తప్పు."

"ఏంటీ?"

"పద్దెనిమిదేళ్లకి నన్ను పాట ఎత్తమని పెట్టారు. నోటేషన్ నాకు రాదు. దొరసానిగారు వెళ్తూ వదిలేసిన హార్మోనియం ఒక్కటే ఆధారం. దాంట్లో ఒక మెట్టు పలికేది కాదు. లోపల రీడు విరిగిపోయింది. మూడో లైను సరిగ్గా ఆ మెట్టు మీదికే దిగాలి. నొక్కితే ఉత్త గాలి. మధ్యలో పాట ఆగితే బాగోదని పైమెట్టు నొక్కేవాణ్ణి. సంఘం అదే నేర్చుకుంది. పక్క ఊళ్లవాళ్లు మా దగ్గర నేర్చుకున్నారు. పెళ్లికీ అదే పాడారు, సమాధి దగ్గరా అదే పాడారు."

"ఎవరూ చెప్పలేదా మీకు?"

"గుంటూరు నుంచి వచ్చిన పాస్టరుగారొకాయన చెప్పారు. అప్పటికి ఆరేళ్లయిపోయింది. తప్పు నేర్పానని అంతమంది ముందు ఎలా చెప్పను? మా వైపు ఇంతేనండీ అనేశా. నామోషీ. ఆ తర్వాత అదే పాడి నిన్నూ నిద్రపుచ్చాను."

"ఇట్స్ ఓకే, డాడీ. ఇప్పుడవన్నీ ఎందుకు? లోపలికెళ్దాం పదండి."

"ఆగు. నీ సోలో కాగితం చూసి పాడతావా?"

"లేదు. చూడకుండా పాడితేనే వాళ్లకి ఇంప్రెషన్. మొత్తం బైహార్ట్."

"అలా ఎప్పుడైనా పాడావా? ఆ సన్నాయిలాంటిది వాయించే ఆవిడ రాలేదని గురువారం నీ చరణం అసలు చెయ్యనే లేదుగా."

"ఓబో. ఆవిడ ఇవాళ వచ్చింది. ఇంట్లో కాగితం పెట్టుకుని రోజూ పాడా కదా, చాలు."

"నీ చరణంలోనూ ఆ మూడో లైను ఉందా?"

"ఉంది. అన్ని చరణాల్లోనూ ఉంటుందని చెప్పానుగా."

"అయితే కాగితం పట్టుకెళ్లు."

"అక్కర్లేదు."

"నా మాట విను తల్లీ. ఇంప్రెషన్ పోతే పోనీ. కాగితం పట్టుకుని, మూడో లైను దగ్గర కళ్లు దానిమీదే పెట్టు."

"ఎందుకు డాడీ? తలుపు దగ్గర నిలబడమన్నానని ఇలా భయపెడుతున్నారా?"

"తలుపు దగ్గరే నిలబడతా. దానికేం లేదు."

"మరేంటి? తప్పు పాడింది మీరు. నేను కాదు."

"చెప్తే భయపడతావేమో, చెప్పకపోతే స్టేజీ మీద ఏమైపోతావో. ఇందాకణ్ణించీ అదే తేల్చుకోలేక చస్తున్నా."

"ఏంటది? చెప్పండి."

"గురువారం నేనసలు నోరే తెరవలేదమ్మా. నీ వెనక నిలబడి, నువ్వు పాడేదే వింటున్నా."