గింజల పాలు

అడవి గూడెం నుంచి మణుగూరుకు నడిచొచ్చిన ముసలామె సోయా డబ్బాను కొట్టు బల్ల మీద దబ్బున పెట్టింది. చంకలో పిల్లవాడితో ఉన్న కొట్టామె డబ్బా వైపు చూసింది.

“పాలడిగితే ఇదేంది ఇచ్చినవ్?”

“పాలే గదవ్వా! డబ్బా మీద పెద్దగ రాసుంది, చూడు.”

“గింజలు పిండిన నీళ్లంట, నర్సమ్మ చెప్పింది. కోడలు దవాఖానాల పడుంటే మనవరాలికి పాల కోసమొచ్చిన. ఇన్నాళ్లూ ఇవే తాపిన. ఏడాది పిల్ల ఎట్ల ఎండిపోయిందో తెల్సా?”

“కంపెనోళ్లు రాస్తే నన్నంటవేంది? మీ ఇంట్ల ఆవు లేదా? పిండుకోరాదు?”

“ఆవుకు దూడుంది. దాని పాలు దూడకే. మా గూడెంల ఎన్నడూ ఎవ్వరూ పిండలే. అందుకే నిన్నడిగిన.”

“గట్లయితే నాదా తప్పు? మస్తు మంది కొంటున్రు. మంచి బలమవ్వా.”

“అవ్, బలమేనా? చంకల నీ కొడుకున్నడు గదా. వాడికి పొయ్యి. నా ముందట తాపు.”

“వాడికి గియ్యెందుకు? వాడు పాలు తాగుతడు.”

అనేశాక గానీ తానేమందో కొట్టామెకు తెలియలేదు. తల దించుకుని పిల్లవాణ్ణి రెండో చంకకు మార్చుకుంది.

ముసలామె డబ్బాను ఆమె వైపు నెట్టింది.

“గీ మాట నాకు ఆ పొద్దే చెప్పకపోతివి?”