మన పెద్దసారుకు ఏ డాక్టరూ చెప్పని నడక

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన తూనికలు కొలతల కార్యాలయంలో తనిఖీ అధికారిగా బాధ్యతలు స్వీకరించి, ఈ నెలాఖరున సగౌరవంగా పదవీ విరమణ చేయనున్న మన పెద్దసారు సుదీర్ఘ సేవలను స్మరించుకునే భాగ్యం ఈ ప్రత్యేక సంచిక ద్వారా లభించింది. అయితే ఇలాంటి వ్యాసంలో అబద్ధం అనే మాట రాయవలసి వస్తుందని, అదీ పెద్దసారును గురించి రాయవలసి వస్తుందని, పోయిన వారం దాకా మాలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. ఆ దిగ్భ్రాంతి నుంచి కార్యాలయం ఇంకా తేరుకోలేదు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వారు అంగడి అంగడికీ తిరిగి త్రాసులు పరీక్షించారు, తప్పుడు రాళ్లను స్వాధీనం చేసుకున్నారు, బెదిరింపులకు లొంగలేదు, బతిమాలుళ్లకు కరగలేదు. ఆ తిరుగుడంతా బండి మీదే సాగింది. రోడ్డుకు అవతల ఉన్న కొట్టుకు సైతం బండి తిప్పుకునే వెళ్లేవారని ఆనాటి సహోద్యోగులు నేటికీ నవ్వుతూ చెబుతారు. ఈ సంగతి మేం గట్టిగా గుర్తుపెట్టుకుని ఉండవలసింది.

తదనంతరం పదోన్నతిపై పరీక్షా విభాగానికి అధిపతి అయ్యారు. ఆ గది సంగతి తెలియని కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. సున్నితమైన త్రాసుల దగ్గర గాలి వీచినా, పక్కన అడుగు పడినా ముల్లు కదులుతుంది కనుక అక్కడ ఫ్యాను ఉండదు, తిరుగుడు ఉండదు. పొద్దున కుర్చీలో కూర్చున్నవారు మధ్యాహ్నం దాకా బొమ్మల్లా అలాగే ఉండాలి. ఆ గదిలో అందరికంటే కదలకుండా కూర్చోగల ఉద్యోగిని మనమంతా ల్యాబు అక్క అని పిలుచుకునే సీనియర్ పరీక్షకురాలు. ఆ కూర్చోవడమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. ఒకరోజు త్రాసు ముందే కళ్లు తిరిగి పడిపోయారు. పెద్దసారే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. షుగరు, రక్తపోటు రెండూ చూసి డాక్టరు కంగారుపడ్డారు. మందులు వాడాలి, వాటితో పాటు రోజూ నడిచి తీరాలి అన్నారు. వంటిల్లూ త్రాసూ వదిలి తానెక్కడ నడిచేదని అక్క అక్కడికక్కడే కొట్టిపారేశారు.

మరుసటి వారం పెద్దసారు మొహం వేలాడేసుకుని అక్క దగ్గరికి వచ్చారు.

“డాక్టరు నన్ను కూడా నడవమన్నారమ్మా. ఒక్కణ్ణీ కాంపౌండు చుట్టూ తిరిగితే పిచ్చెక్కిందనుకుంటారు. కాస్త తోడు వస్తారా?”

పాపం, ఈ వయసులో ఎంత కష్టం వచ్చిందని అక్క మనసు కరిగిపోయింది. ఆ రోజు మొదలు మధ్యాహ్న భోజనం కాగానే త్రాసుల గదికి తాళం పడేది, ఇద్దరూ ప్రహరీ వెంట నడిచేవారు. ఆయాసపడకుండా మాట్లాడుకోగలిగినంత వేగం చాలని డాక్టరు చెప్పారట. వాన పడితే గోదాము షెడ్డులో నడిచేవారు. ఇవాళ వద్దులెండి అని సారు మొరాయిస్తే అక్క చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు కసిరి మరీ లేపేవారు. ఆయన ఆరోగ్యమంతా తన భుజాల మీదే ఉందని ఆవిడ గట్టి నమ్మకం. ఆ బాధ్యతలో పడి తన షుగరు మెల్లగా అదుపులోకి రావడం, డాక్టరు ఒక మాత్ర తగ్గించడం, రాత్రుళ్లు ఒళ్లెరగని నిద్ర పట్టడం, మెట్ల దగ్గర మోకాళ్లు మొరపెట్టుకోకపోవడం ఆవిడ పెద్దగా పట్టించుకోనేలేదు. ఏళ్లు గడిచేసరికి ఆ నడకలో సగం కార్యాలయం చేరింది.

పోయిన వారం ఈ సంచిక కోసం పాత ఫోటో అడగడానికి అక్క సారు ఇంటికి వెళ్లారు. సారు ఇంట్లో లేరు. వారి సతీమణి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. రిటైరయ్యాక సారును నడక మాననివ్వకండి అమ్మగారూ, డాక్టరు అంత గట్టిగా చెప్పారు కదా అని అక్క జాగ్రత్తలు మొదలుపెట్టారు. అమ్మగారు తెల్లబోయి చూశారు.

“ఏ డాక్టరు? ఆయనకేం జబ్బమ్మా? నడకంటే ఆయనకు ఒళ్లుమంట. ఆదివారం మంచం దిగరు. నడవమని చెప్పింది నీకటగా?”

అక్క చేతిలో టీ చల్లారిపోయింది, అడగడానికి వచ్చిన ఫోటో అడగనేలేదు. ఇన్నేళ్లుగా తాను జాలిపడి, కసిరి, కాపాడుకుంటూ వచ్చిన రోగికి రోగమే లేదు. మర్నాడు ఆవిడ చెప్పగా విని మేమంతా ముక్కున వేలేసుకున్నాం. ఊళ్లో ప్రతి రాయినీ అనుమానించి తూచే వాళ్లం, పక్కనే ఉన్న మనిషి మాటను ఒక్కరమూ పరీక్షకు పెట్టలేదు. ఎంత సిగ్గుచేటు!

మధ్యాహ్నం నడకలో అక్క నిలదీశారు. సారు తల గోక్కున్నారు.

“మీ కోసం నడవమంటే మీరు నడవరు. ఇంకొకరి కోసమైతే పది వీధులైనా తిరుగుతారు. ఏం చెయ్యమంటారు మరి?”

ఇప్పటికీ నడకంటే చిరాకేననీ, మెట్లెక్కితే ఆయాసం రాకపోవడం మాత్రం అక్క చలవేననీ ఒప్పుకున్నారు. రిటైరయ్యాక హాయిగా మంచం దిగననీ సెలవిచ్చారు. ఆ మాటకు అక్కకు భయం వేసింది. తన జబ్బు ఒక్కటే ఈ మనిషిని ఇన్నేళ్లు నడిపించింది. రేపు కుర్చీ వదిలి మంచం పట్టుకుంటే ఇంతకాలం కూడబెట్టిన ఆరోగ్యమంతా కరిగిపోదూ? అక్క మొహం వేలాడేసుకున్నారు.

“నేను ఒక్కదాన్నీ నడవలేను సార్. మీరు రిటైరయ్యాక రోజూ సాయంత్రం మీ వీధి మీదుగానే ఇంటికి వెళతాను. మీరు తోడు రాకపోతే నా నడక అంతటితో సరి.”

సారు కంగారుపడి, గేటు దగ్గర చెప్పులేసుకుని నిలబడతానని మాట ఇచ్చేశారు. అక్క ఇప్పుడు ఒక్కరే ఊరు చుట్టి రాగలరన్న సంగతి మా అందరికీ తెలుసు.

కనుక అమ్మగారికి ఒక మనవి. ఈ పేజీ సారు కంట పడకుండా చూడండి. పడినా ఏమీ తెలియనట్టే ఉంటారని మా ధైర్యం, ఆ విద్యలో వారిని మించినవారు లేరు. మన పెద్దసారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో, ప్రతి సాయంత్రం చిరాకుపడుతూనే చెప్పులు వేసుకుని, అక్క కోసమే నడుస్తున్నానని అనుకుంటూ, చిరకాలం నడవాలని కార్యాలయమంతా మనసారా కోరుకుంటోంది.